విరాళాల నీడలో అమెరికా ఓటు

సంపాదకులకు,

అమెరికాలోని ఆర్థిక అసమానతను ఆదాయాల లెక్కగా మాత్రమే చూడటం సరికాదు. పాలనను ఎవరు శాసిస్తున్నారన్న ప్రశ్న కూడా అందులో ఇమిడి ఉంది. ఎన్నికల్లో కార్పొరేట్ సంస్థలు, కార్మిక సంఘాలు స్వతంత్రంగా చేసే ప్రచార వ్యయాన్ని నిషేధించడం వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2010లో ‘సిటిజన్స్ యునైటెడ్’ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తీర్పు చెప్పిన తరువాత, అపరిమితంగా విరాళాలు స్వీకరించే ‘సూపర్ ప్యాక్‌లు’ అనే ఎన్నికల ప్రచార సంఘాలు పుట్టుకొచ్చాయి. అభ్యర్థికి నేరుగా ఇచ్చే విరాళంపై మాత్రం పరిమితి కొనసాగుతోంది, అదొక వింత! మరోవైపు, గంటకు 7.25 డాలర్లుగా 2009లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ కనీస వేతనాన్ని 15 డాలర్లకు పెంచాలన్న సవరణ 2021లో సెనేట్‌లో 42–58 ఓట్లతో వీగిపోయింది. అమెరికా ఎన్నికల వార్తల్లో అభ్యర్థుల ప్రసంగాలతోపాటు ఈ ప్రచార నిధుల మూలాలనూ మీ పత్రిక వివరించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు