పగిలిన బీముకు పుట్టీ, అడిగినవాడికి టికెట్ నంబరు

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

చెన్నై వేళచ్చేరిలో మీరు కట్టిన అపార్టుమెంటులో మూడో అంతస్తు యజమానిని. మా హాల్లో బీము మీద, సరిగ్గా పిల్లరుకు ఆనే చోట, ఏటవాలుగా పగులు వచ్చింది. దాని కొలతలు మళ్ళీ రాయను. ఫోటోలతో సహా మీ దగ్గరే ఉన్నాయి, ఎవరైనా తెరిచి చూసి ఉంటే.

కాల్ సెంటరు అమ్మాయి నా ఫిర్యాదును పెయింటింగ్ విభాగానికి పంపింది. బీము పగిలితే పెయింటరు ఏం చేస్తాడమ్మా అంటే, "పగులు అని కొడితే నాకు ఆ విభాగమే వస్తోంది సార్" అంది. ఒక కుర్రాడు పుట్టీ డబ్బాతో వచ్చాడు. పైకి చూసి, "ఇది నా పని కాదు సార్, ఇంజనీరును పిలవండి" అని వెళ్ళిపోయాడు. మీ సంస్థలో నాతో నిజం మాట్లాడింది అతనొక్కడే. ఇంజనీరును పంపమని అడిగితే "సమస్య పరిష్కారమైంది" అని నా ఫిర్యాదు టికెట్ మూసేశారు. పైగా సేవ ఎలా ఉందో నక్షత్రాలిమ్మని సందేశం! మళ్ళీ తెరిపిస్తే కొత్త నంబరు, కొత్త మనిషి, మొదటినుంచీ అదే కథ. చివరికి ఫోనుకు దొరికిన సైటు ఇంజనీరు, గడప తొక్కకుండానే, "చెన్నై ఎండకు ప్లాస్టరు పగలడం మామూలే" అని తేల్చేశారు. ప్లాస్టరు గీకి చూశాను, పగులు కాంక్రీటులోనూ ఉందండీ అనేసరికి లైను తెగిపోయింది.

నేను ప్రజాపనుల శాఖలో రిటైరైనవాడిని. బీము మధ్యలో కిందినుంచి నిలువుగా వచ్చే పగులైతే ఇంత గొడవ చేయను. ఇది షియర్ పగులులా, అంటే బరువు బీమును కోసేసే బలంతో వచ్చే పగులులా, ఉంది. షియర్‌లో పోయే బీము ముందు చెప్పి పోదు. దాన్ని ఆపాల్సినవి కాంక్రీటు లోపలి ఇనుప రింగులు. వాటి మధ్య దూరం 300 మి.మీ. ఎక్కడా దాటకూడదని కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 అంటుంది. మీరు కట్టేనాటికి చెన్నై మూడో భూకంప మండలంలో ఉంది కనుక పిల్లరు దగ్గర 100 మి.మీ. కూడా మించరాదని భూకంపాలకు తట్టుకునే కట్టడాల ప్రమాణం ఐఎస్ 13920 అంటుంది. మీరెంతలో కట్టారో డ్రాయింగు చూపమంటే "అది గోప్యం సార్" అన్నారు. నా నెత్తిమీది బీము నాకే గోప్యం!

మన తెలుగువారి సంస్థ కదా అని మీ మొదటి ప్రాజెక్టులోనే కొన్నాను. నా మాట మీద మా బావమరిది కూడా కొన్నాడు. ఆ రోజుల్లో మీ అమ్మకాలవాళ్ళు ఆదివారం కూడా మిఠాయి డబ్బాతో దిగేవారు. ఇప్పుడు వాళ్ళ ఫోన్లూ మోగవు.

ముందు ఆ బీము కింద ఆనుగా జాకీలు పెట్టించండి. తర్వాత బాధ్యతగల స్ట్రక్చరల్ ఇంజనీరును డ్రాయింగులతో పంపండి. తాళాలిచ్చి ఐదేళ్ళు కాలేదు. నిర్మాణ లోపం చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) చెబుతోంది. లేదంటే తమిళనాడు రెరా ప్రాధికార సంస్థకూ, వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. మీ కొత్త ప్రాజెక్టుకు కట్టిన అడ్వాన్సు వెనక్కి తీసుకోమని బావమరిదికి ఈ ఉదయమే చెప్పాను.

ఇట్లు,
మూడో అంతస్తు యజమాని