ఐసీయూ బయట కూర్చున్నవారికి నాలుగు పుటలు

సంపాదకులవారికి నమస్కారాలు.

నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ పత్రికలో వచ్చే భక్తి పుటను చాలాకాలంగా చదువుతున్నాను. ఆ పుట గురించి, దానితో పాటు పెద్దాస్పత్రుల్లో రోగుల వెంట వచ్చి రోజుల తరబడి కుర్చీల్లో కూర్చునే మనుషుల గురించి ఒక మాట విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. ఈ రెంటికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. నిరుడు మా తమ్ముణ్ణి ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో చేర్చి, పందొమ్మిది రోజులు ఆ తలుపు బయట కాపలా ఉన్న తరువాతనే ఆ సంబంధం నాకూ తెలిసింది.

ఆ హాలులో నలభై దాకా కుర్చీలు, గోడమీద ఒక టీవీ ఉండేవి. టీవీలో పొద్దున రాశిఫలాలు, మధ్యాహ్నం సీరియళ్లు, రాత్రి వార్తా చర్చల అరుపులు. లోపలున్న మనిషిని చూడడానికి రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కరికి అయిదేసి నిమిషాలు అనుమతి ఇచ్చేవారు. మిగిలిన సమయమంతా చేతిలో ఫోను, ఆ ఫోనులో బంధువులు పంపే సందేశాలు. ఈ మంత్రాన్ని పదకొండు మందికి పంపితే మూడు రోజుల్లో శుభవార్త వింటారని ఒకరు, అంతా పాజిటివ్‌గా ఆలోచించాలని మరొకరు. పంపినవారి ప్రేమను నేను శంకించడం లేదు. అయితే ఆ మాటలు చదివినకొద్దీ, శుభవార్త రాకపోతే ఆ తప్పు సరిగా ఆలోచించని నాదే అవుతుందేమోనన్న కొత్త భయం ఒకటి నాకు పట్టుకుంది. మనసు చితికిన మనిషికి ధైర్యంగా ఉండమని ఆజ్ఞ ఇస్తే, అది అతని నెత్తిన మరో బరువవుతుందని అప్పుడే అర్థమైంది.

నాలుగో రోజునో అయిదో రోజునో సంచిలో మందుల చీటీ వెతుకుతుంటే, ఎప్పుడో తిరునాళ్లలో కొన్న గజేంద్రమోక్షం చిన్న పుస్తకం చేతికి తగిలింది. పోతనగారి అష్టమ స్కంధంలోని ఆ ఘట్టాన్ని నేను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. ‘లావొక్కింతయు లేదు’ అని మొదలయ్యే పద్యాన్ని నల్లబల్లమీద రాసి, మ స జ స త త గ అని గణాలు విడగొట్టి, యతి పదమూడో అక్షరమని చూపించి, ఇది శార్దూలమని పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. ఆ హాలులో కూర్చుని చదివినప్పుడు అది శార్దూలమన్న సంగతే నాకు గుర్తు రాలేదు. బలం కొంచెం కూడా లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సిపోయింది అని ఆ ఏనుగు ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోతుంటే, లోపల మంచానికి వేలాడదీసిన కేసుషీటు చదువుతున్నట్టుగా ఉంది. దానికి కాస్త ముందు వచ్చే కంద పద్యంలో ‘కలఁడు గలండనెడువాఁడు గలఁడో లేఁడో’ అన్న సందేహం ఉన్నదే, అది పరీక్షల్లో భావం రాయమని నేను ఎన్నోసార్లు అడిగిన పద్యమే. దేవుడున్నాడో లేడో అన్న అనుమానాన్ని మన ఇళ్లలో పూజగదిలో పెట్టుకుని చదివే పుస్తకం ఇంత సూటిగా ఎందుకు పలికిందో మాత్రం నేను ఏ పిల్లవాడికీ చెప్పలేదు. నాకే తెలియనిది ఇంకొకరికి ఎలా చెప్పగలను?

నా పక్క కుర్చీలో ఒక క్రైస్తవ సోదరి ఉండేది. ఆమె కొడుకు బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి లోపల ఉన్నాడు. బైబిలు తెచ్చుకుంది గాని, ఇంటినుంచి పరుగున వచ్చిన తొందరలో కళ్లజోడు మరిచిపోయింది. “మాష్టారూ, ఇరవై మూడో కీర్తన కాస్త చదివిపెడతారా?” అని ఒక సాయంకాలం అడిగింది. ‘యెహోవా నా కాపరి’ అనే ఆ కీర్తన నేనూ విన్నదే. తెరిచిన పుటలో నా చూపు పైనున్న ఇరవై రెండో కీర్తనమీద పడి, పొరపాటున అదే మొదలుపెట్టాను. ‘నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి’ అని దాని ఎత్తుగడ. ఆ తల్లి ముందు చదవకూడనిది చదివానేమోనని తత్తరపడి ఆగిపోయాను. “ఆపకండి మాష్టారూ, అదీ మనదే. ముందు అది చదివి, తరవాత ఇది చదవండి” అందామె. దేవుడు వదిలేశాడన్న మొర తరువాతనే దేవుడు కాపరి అన్న మాట ఉంది. ఆ వరుసలోని ధర్మాన్ని, నా ముప్ఫై ఏళ్ల పాండిత్యానికి అందనిదాన్ని, ఆమె ఒక్క ముక్కలో చెప్పింది.

భార్యకు కాన్పు కష్టమై అక్కడే ఎదురుచూస్తున్న ఒక ముస్లిం యువకుడు మా మాటలు విని, ఖురాన్‌లో తొంభై నాలుగో సూరా, అంటే అధ్యాయం, చిన్నదేనని, అందులో కష్టంతో పాటే సౌలభ్యం ఉందన్న మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తుందని చెప్పాడు. ఒకసారి చెబితే నమ్మబుద్ధి కాదు కదా సార్ అని నవ్వాడు. ఆ హాలులో ఆ రోజు నేను చూసిన నవ్వు అదొక్కటే.

ఆ తరువాత మిగిలిన రోజుల్లో నేను చదివినవాటిలోనూ, ఇంటికి వచ్చి మళ్లీ తిరగేసిన పుస్తకాల్లోనూ ఇదే కనబడింది. కష్టంలో ఉన్నవాడికి తరతరాలుగా తోడు నిలిచిన ఏ గ్రంథమూ దుఃఖాన్ని దాచిపెట్టలేదు. భగవద్గీత మొదటి అధ్యాయంలోనే వణికిపోతున్న ఒంటి వర్ణన, జారిపోతున్న ధనుస్సు వర్ణన ఉన్నాయి. దానికి పెద్దలు అర్జున విషాదయోగమని పేరు పెట్టి, విషాదాన్ని కూడా యోగాల లెక్కలోకే చేర్చారు. సుందరకాండను మన ఇళ్లలో కార్యసిద్ధి కోసం పారాయణ చేస్తారు. కరోనా ముమ్మరంగా ఉన్న 2020లో తిరుమల నాదనీరాజనం వేదికనుంచి సాగిన పారాయణాన్ని టీవీల ముందు కూర్చుని లక్షల మంది అనుసరించారు. ఆ కాండలోని అరవై ఎనిమిది సర్గలలో హనుమంతుడు సీత జాడ దొరకక నిరాశపడి, ఇక బతికి ప్రయోజనం ఏమిటనుకునే ఘట్టం ఉంది. సీతమ్మ కూడా ప్రాణం మీద ఆశ వదులుకునే ఘట్టం ఉంది. అంత చీకటి గడిచాక, రామదూతను చూసిన తరువాత ఆమె నోట వచ్చిన మాట ‘ఏతి జీవంత మానందో నరం వర్షశతాదపి’. బతికి ఉంటే నూరేళ్లకైనా ఆనందం మనిషిని వెతుక్కుంటూ వస్తుందని దాని అర్థం. అది తన మాట కాదని, లోకంలో జనం చెప్పుకునే సామెత ఇప్పుడు నిజమనిపిస్తున్నదని ఆమె అంటుంది. అంటే వాల్మీకి కాలానికే అది ఊళ్లలో నలుగురి నోళ్లలో నానిన మాట!

మన భద్రాచల రామదాసు సంగతి అందరికీ తెలిసిందే. గోల్కొండ చెరలో పన్నెండేళ్లు ఉన్నాడని చెప్పుకునే కంచెర్ల గోపన్న, భరతుడికి చేయించిన పచ్చల పతకానికి పదివేల వరహాలు పట్టాయని, సీతమ్మ చింతాకు పతకానికీ పదివేల వరహాలు పట్టాయని రాముడికే పద్దు చదివి, ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావని నిలదీశాడు. (ఆస్పత్రి బిల్లు చేతపట్టుకుని కౌంటరు ముందు నిలబడినవాడికి ఆ పద్దులోని బాధ నిఘంటువు లేకుండానే అర్థమవుతుంది.) ఆ వెంటనే, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా, ఆయాసపడవద్దు అని తనే సముదాయించాడు. తిట్టుకోవడానికి చనువిచ్చే దేవుడు, ఆ చనువును కీర్తనగా భద్రపరిచిన భాష మనకు ఉన్నాయి. అయినా కష్టకాలంలో మన చేతికి ముందుగా అందుతున్నది పదకొండు మందికి పంపవలసిన సందేశం.

దేవుడిమీద నమ్మకం లేనివారి మాటేమిటని నా మిత్రుడొకరు అడిగారు. వారికీ పుస్తకాలు ఉన్నాయి. 1941లో వచ్చిన జాషువా ‘గబ్బిలం’లో, గుడి గడప తొక్కనివ్వని పేదవాడు తన గోడును కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. తాను వెళ్లలేని గర్భగుడిలోకి అది వెళ్లగలదు గనుక. దాన్ని భక్తి అనాలో ధిక్కారం అనాలో తేల్చడం నావల్ల కాలేదు. ఆ మిత్రుడు మాత్రం భార్య పోయిన ఏడాది ఆ కావ్యాన్ని దగ్గర పెట్టుకునే నిద్రపోయేవాడినని చెప్పాడు.

ఇంతకీ పారాయణం వల్ల మా తమ్ముడు బతికాడా అని మీరు అడగవచ్చు. బతకలేదు. పందొమ్మిదో రోజు తెల్లవారుజామున పోయాడు. నా చేత కీర్తన చదివించుకున్న తల్లి కొడుకు, అంతకు రెండు రోజుల ముందే వార్డుకు మారి, తరువాత ఇంటికి వెళ్లాడు. ఇద్దరి కోసమూ ఒకే హాలులో, ఒకే గొంతుతో చదివాం. అందుకే ఫలానాది చదివితే ఫలానా ఫలం వస్తుందని ఎవరు రాసినా నాకు కోపం వస్తుంది. భాగవతం పుట్టుకనే చూడండి. ఏడు రోజుల్లో పాముకాటుతో చావు తప్పదని శాపం పొందిన పరీక్షిత్తుకు శుకమహర్షి చెప్పిన కథ అది. గజేంద్రుడి ప్రాణం నిలిచిన కథను ఆ రాజు విన్నాడు, అయినా ఏడో రోజున శాపం జరిగి తీరింది. కథ అతని చావును ఆపలేదు. ఆ ఏడు రోజులూ అతన్ని ఒంటరిగా వదిలిపెట్టలేదు. మా తమ్ముడి విషయంలో నాకు దక్కినదీ అంతే, అది తక్కువని నేను అనుకోవడం లేదు.

ఇక మీకు నా విన్నపం. మీ భక్తి పుటలో ఇప్పుడు రాశిఫలాలు, వాస్తు సందేహాలు, ఏ వారం ఏ రంగు దీపపు వత్తి వెలిగించాలన్న సూచనలు ఎక్కువ చోటు తీసుకుంటున్నాయి. వాటిని తీసేయమని అడిగే ధైర్యం నాకు లేదు, చదివేవారు చదువుతున్నారు. వాటి పక్కన రోజుకు ఒక పద్యమో కీర్తనమో వాక్యమో, తాత్పర్యంతో సహా, పెద్ద అక్షరాల్లో వేయండి. ఒక రోజు పోతన, ఒక రోజు దావీదు కీర్తన, ఒక రోజు ఖురాన్ వాక్యం, ఒక రోజు వేమన పద్యం. ఫలశ్రుతి మాత్రం వద్దు. ఆస్పత్రి హాళ్లలోకి టీవీ తరువాత ఎక్కువగా వచ్చేది దినపత్రికే గనుక, అది చేరవలసిన చోటికి తప్పక చేరుతుంది.

రెండో విన్నపం మీ ద్వారా గ్రంథాలయ సంస్థలకు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం సెస్సు కడుతున్నాం. ఆ సొమ్ములో కొద్ది భాగంతో జిల్లా ఆస్పత్రుల వెయిటింగ్ హాళ్లలో ఒక్కొక్క చిన్న బీరువా పెట్టించడం అసాధ్యమైన పని కాదు. అందులో ఉంచవలసినవి లావుపాటి గ్రంథాలు కావు. లోపలినుంచి నర్సు పేరు పెట్టి పిలిస్తే ఉన్నపళంగా మూసి లేవగలిగే చిన్న పుస్తకాలు కావాలి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. అన్ని మతాలవీ ఉండాలి, ఏ మతానిదీ కానివి కూడా ఉండాలి. మతప్రచారానికి, ఔషధాల అమ్మకానికి, స్వాముల ఫొటోలకు అక్కడ చోటు ఇవ్వకూడదు. పుస్తకం వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు గనుక, మనసు బాగా కుంగిపోయినవారు ఫోను చేయడానికి ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ నంబరు 14416ను ఆ బీరువా తలుపుమీదే రాసి పెట్టాలి. పుస్తకాలు పోతాయని అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. పోనివ్వండి, ఐసీయూ బయటినుంచి గజేంద్రమోక్షాన్ని ఎత్తుకుపోయినవాడికి దాని అవసరం ఉండే ఉంటుంది.

నా వంతుగా పోతన పద్యాలు పన్నెండు, ఆ సోదరి కోరిన రెండు కీర్తనలు, ఆ యువకుడు చెప్పిన సూరా తెలుగు అర్థం పెద్ద అక్షరాలతో డీటీపీ చేయించి, పది ప్రతులు కుట్టించి, మా తమ్ముడి సంవత్సరీకం వెళ్లాక ఆ హాలు దగ్గరి సెక్యూరిటీ గార్డుకు ఇచ్చి వచ్చాను. వాటితో పాటు రెండు చదువుకునే కళ్లజోళ్లు కూడా ఇచ్చాను. కిందటి నెల వెళ్లి చూస్తే ప్రతుల్లో ఏడు మిగిలాయి, వాటి అంచులు బాగా నలిగి ఉన్నాయి. కళ్లజోళ్లలో ఒకటి కనబడలేదు. గార్డు మొహమాటపడుతూ, ఎవరో పెద్దామె పెట్టుకుని వెళ్లిపోయిందండీ, అడగలేకపోయాను అన్నాడు. ఈసారి నాలుగు తెస్తానని చెప్పి వచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి.