ఆపరేషన్ చేయిస్తున్నారు, నడకనూ తిరిగి ఇప్పించండి: ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్లను మళ్లీ నడిపించడం ఫిజియోథెరపిస్టుగా నా పని. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని కూలి చేసుకునే కుటుంబాలు కూడా ఈ ఆపరేషన్ చేయించుకోగలుగుతున్నాయి. ఆ పథకం మీద గౌరవంతోనే, అది ఎక్కడ ఆగిపోతోందో మీకు రాస్తున్నాను.

విరిగిన ఎముకలో రాడ్ వేసినా, తుంటి కీలులోని బాల్ మార్చినా, చాలామందిని మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టవచ్చు. బ్రిటన్‌లో 2011లో వచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే: మర్నాడే మంచం దింపాలి, ఆ తర్వాత రోజుకు ఒకసారైనా లేపి నడిపించాలి. పడుకున్న ప్రతి రోజూ తొడ కండ కరుగుతుంది, ఆ వయసులో పోయిన కండ తిరిగి రావడం చాలా కష్టం. పైగా నెమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి, కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఐదుగురిలో ఒకరికి పైగా ఏడాది తిరక్కుండానే చనిపోతున్నారని, బతికినవారిలో దాదాపు సగం మందికి మునుపటి నడక రావడం లేదని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి.

మన దగ్గర డిశ్చార్జి కాగితం మీద ‘ఫిజియోథెరపీ చేయించాలి’ అని ఒక ముక్క రాసి ఉంటుంది. ఎవరి చేత, ఎక్కడ? నేను తిరిగే మండలాల్లో ప్రభుత్వ ఫిజియోథెరపిస్టు దొరకడం అరుదు. పట్నానికి తీసుకెళ్లాలంటే ఆటో కిరాయితో పాటు ఇంట్లో ఒకరి కూలి కూడా పోతుంది. రెండుసార్లు వెళ్లి మానేస్తారు. ఇక ఇంట్లో భయమే పెత్తనం చేస్తుంది. నడిస్తే రాడ్ వంగుతుందంటారు. పప్పు పెడితే చీము పడుతుందని నెలల తరబడి చారన్నమే పెడతారు. కండ పట్టాల్సిన సమయంలో గుడ్డు, పప్పు రెండూ కంచంలోకి రావు. ఇదంతా ప్రేమతో చేసేదే, ఆ ఇంటివాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లకు చెప్పాల్సిన మనిషిని మనం పంపలేదు.

మరుగుదొడ్డి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బాల్ మార్చినవాళ్లు గొంతుక్కూర్చోకూడదు. ఇంట్లో ఉన్నది కింద కూర్చునే దొడ్డే. దాంతో ఆపరేషన్ అయిన పెద్దావిడ ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని నీళ్లు తాగడం తగ్గిస్తుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చుకుంటుంది, మళ్లీ మంచం పడుతుంది. ఒక కమోడ్ కుర్చీ ఇంటికి ముందే చేరితే తప్పే బాధ ఇది. వాకర్, కమోడ్ కుర్చీ రెండూ డిశ్చార్జి నాడే రోగి చేతికి అందేలా ఆదేశించండి.

మొదటి మూడు నెలలు ఇంటికి వెళ్లి నడిపించే ఫిజియోథెరపిస్టులను నియమించండి. మధ్య రోజుల్లో వ్యాయామాలు చేయించడం ఆశా కార్యకర్తలకు నేర్పవచ్చు, నేర్పడానికి మేం సిద్ధం. ఆ అదనపు పనికి వాళ్లకు డబ్బు ఇవ్వాలి. ఎముక బలానికి మందు మాటా మరవద్దు. తుంటి ఆపరేషన్ జరిగిన మూడు నెలల్లోపు జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించి, ఏటా ఒకసారి కొనసాగిస్తే కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని 2007లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. నేను చూసే రోగుల్లో ఆ మందు అందినవారు చాలా తక్కువ.

ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఆసుపత్రికి ఇచ్చే ప్యాకేజీ సొమ్ములో కొంత ఆపి, ఆపరేషన్ అయిన 120వ రోజున రోగి నడకను చూశాకే ఆసుపత్రికి చెల్లించండి. ఆసుపత్రులు నొచ్చుకుంటాయని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే డబ్బు ముడిపడితే తప్ప వార్డులో మర్నాడు రోగిని లేపే మనిషి ఉండడం లేదు.

వీటన్నింటికీ సమయం పట్టవచ్చు. ఒక పని మాత్రం ఈ నెలలోనే చేయించగలరు. గత ఏడాది ఆరోగ్యశ్రీ కింద తుంటి ఆపరేషన్ జరిగిన పెద్దవాళ్ల ఇళ్లకు ఫోన్ చేయించి, మరుగుదొడ్డి వరకు సొంతంగా నడిచి వెళ్తున్నారా అని అడగమనండి. వచ్చిన జవాబులను ఆసుపత్రుల వారీగా ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు