బళ్లో వైఫై ఎందుకు మొరాయిస్తోంది, మీరేం చేయాలి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సైన్స్ ఫెయిర్ ఫొటోలు, దసరా సెలవుల వివరాలు తర్వాతి పేజీల్లో ఉన్నాయి. ముందు వైఫై సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే కొన్నాళ్లుగా క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న చర్చంతా దీని మీదే. "ఇంత ఫీజు కడుతున్నాం, ఇంకాస్త పెద్ద ప్లాన్ తీసుకోలేరా" అని చాలామంది అడిగారు. అడగడంలో తప్పేం లేదు, కానీ ప్లాన్ పెంచితే పోయే జబ్బు కాదిది. బయటి నుంచి బడికి వచ్చే ఫైబర్ లైన్ సగం కూడా నిండటం లేదు. గోడకున్న వైఫై బాక్సుకీ పిల్లల ముందున్న ట్యాబ్‌కీ మధ్య, గాలిలోనే వస్తోంది ఇబ్బంది.

వైఫై కూడా క్లాస్‌రూమ్ లాంటిదే, ఒక ఛానెల్‌లో, అంటే గాలిలోని ఒక రేడియో దారిలో, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాకుండా వాడుకోగలిగినవి 1, 6, 11, ఈ మూడు ఛానెళ్లే. పక్కపక్క గదులకు వాటినే మార్చి మార్చి పెట్టాం. ఇప్పుడు ఎవరి బ్యాగులోనో ఫోన్ హాట్‌స్పాట్ ఆన్‌లో ఉందనుకోండి, ఎవరూ వాడకపోయినా చాలా ఫోన్లు సెకనుకు పదిసార్ల దాకా తమ పేరు చాటుకుంటూనే ఉంటాయి. దాని మీద పక్కబెంచీవాడు వీడియో పెట్టాడంటే ఆ గదిలో టీచరుగారి స్మార్ట్‌బోర్డు కూడా తన వంతు కోసం కాచుకుని కూర్చుంటుంది. పాత ఫోన్లయితే మరీ దారుణం, అవి నెమ్మదిగా మాట్లాడతాయి కాబట్టి అదే కాస్త డేటాకి ఎక్కువసేపు గాలిని పట్టుకుంటాయి.

ఇంకో తలనొప్పి అడ్రసులది. నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు ఇవ్వాలి, మామూలు అమరికలో అవి 254కి మించవు. స్టాఫ్ పాస్‌వర్డ్ ఒకరి నుంచి ఒకరికి పాకి, బ్యాగుల్లోని ఫోన్లూ చేతి వాచీలూ పొద్దున్నే తలా ఒక అడ్రసు పట్టేస్తే, మూడో పీరియడ్‌కి ల్యాబ్‌కి వచ్చిన పిల్లలకి "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని కనిపిస్తుంది. ఆ పాస్‌వర్డ్ మార్చేశాం. ఎవరు పంచారని ఆరా తీసే ఓపిక నాకు లేదు.

పోయిన నెల ఒక పదో తరగతి అబ్బాయి ప్రాజెక్టు కోసం ఇంటి నుంచి చిన్న రౌటర్ తెచ్చి ల్యాబ్ గోడకున్న సాకెట్‌కి తగిలించాడు. ఉద్దేశం మంచిదే. కాకపోతే ఆ రౌటర్ కూడా నేనే పెద్దనని ల్యాబ్‌లోని సిస్టమ్స్ అన్నిటికీ తన అడ్రసులు పంచడం మొదలుపెట్టింది, దాంతో ఆ పూట ఆన్‌లైన్ టెస్ట్ ఆగిపోయింది. దయచేసి రౌటర్లు, డాంగిల్స్, ఎక్స్‌టెండర్లు బడికి పంపకండి. ప్రాజెక్టుకి అవసరమైతే కంప్యూటర్ సర్‌ని అడగండి, మేమే ఏర్పాటు చేస్తాం.

కొందరు జామర్, అంటే ఫోన్ సిగ్నళ్లను అడ్డుకునే పరికరం, పెట్టించమన్నారు. పోటీ పరీక్షల సెంటర్లలో చూసి ఉంటారు, అవి ప్రభుత్వ అనుమతితో పెట్టేవి. ఆ అనుమతి లేకుండా జామర్ వాడటం నేరం, ప్రైవేటు బడి కొనడానికి కూడా వీల్లేదు. అయినా పెట్టి ఏం లాభం, మన వైఫై బాగుపడదు సరికదా, ఎవరైనా పడిపోతే 108కి ఫోన్ చేద్దామన్నా కలవదు.

మా వైపు పని మొదలైంది. ల్యాబ్ సిస్టమ్స్ అన్నిటికీ కేబుల్ లాగిస్తున్నాం, కదలని వస్తువుకి వైఫై ఎందుకు చెప్పండి. క్లాసుల్లో స్మార్ట్‌బోర్డులను 5 గిగాహెర్ట్జ్ అనే మరో వైఫై బ్యాండ్‌కి మారుస్తున్నాం, దానికి గోడలు దాటే శక్తి తక్కువ కాబట్టి కొన్ని గదుల్లో బాక్సులు అదనంగా పెట్టాలి. టీచర్లు, ఆఫీసు స్టాఫ్, డ్రైవర్లు కూడా సొంత ఫోన్లకి సొంత డేటానే వాడాలి, హాట్‌స్పాట్ పెట్టకూడదు. నేను కూడా.

ఇక మీ వైపు నుంచి. ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు ఫోన్, సిమ్ ఉన్న స్మార్ట్‌వాచ్ ఇచ్చి పంపకండి. అర్జంటు కబురుంటే ఆఫీసు నంబరుకి చేయండి, పిల్లల్ని పిలిచి మాట్లాడిస్తాం. తొమ్మిది, పది పిల్లల ట్యాబ్‌లకు అనుమతి ఉంది కానీ ముందు నమోదు చేయించాలి, ఫారం డైరీలో పెట్టి పంపాం. కొత్త ఫోన్లు, ట్యాబ్‌లు తమను గుర్తుపట్టే నంబరైన ఎంఏసీ అడ్రసును ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కోలా మార్చి చూపిస్తాయి, అలా ఉంటే నమోదు చేసిన ట్యాబ్‌ని కూడా మన సిస్టమ్ గుర్తుపట్టదు. అందుకే సెట్టింగ్స్‌లో బడి నెట్‌వర్క్ వరకు మాత్రం అసలు ఎంఏసీ వాడేలా మార్చాలి. బయట, ఇంట్లో ఉన్నది ఉన్నట్టే ఉంచండి, అది పిల్లల మంచికే.

సాయంత్రం గేటు దగ్గర కార్లలో ఎదురుచూసేవాళ్లకి ఒక మాట. రోడ్డు వైపు గదుల్లో ఆ టైముకి కనిపించే నెట్‌వర్క్‌ల పేర్లు చదివితే సగం కాలనీ తెలిసిపోతోంది. ఒకసారి మీ ఫోన్ చూసుకుని హాట్‌స్పాట్ ఆపేయండి.

ఫారాలు శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కి అందాలి. సోమవారం నుంచి నమోదు కాని ట్యాబ్‌లు కనెక్ట్ కావు, ఆ రోజు గ్రూపులో నన్ను తిట్టుకోకండి.

మీ ప్రిన్సిపాల్