ఆకలి అందంగా ఉంటుందని ఆయన రాయలేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పారిస్‌లో చేతిలో కాసు లేకుండా బతికిన ‘బొహీమియన్’ కళాకారుల మీద వచ్చిన వ్యాసం చదివాను. పాటలతోనే నడిచే నాటకం, అంటే ఆపెరా ‘లా బొహెమ్’ కథంతా దానికి సంగీతం కట్టిన ఇటలీ స్వరకర్త పుచ్చీనిదే అన్నట్టు రాశారు. 1896లో ట్యూరిన్‌లో ఆ ఆపెరా ఆడేనాటికి అసలు కథ రాసిన ఆన్రీ మ్యూర్జెర్ పోయి 35 ఏళ్లు. దర్జీ కొడుకు. తానూ తన స్నేహితులూ పడ్డ పాట్లనే 1845 నుంచి ఓ చిన్న పత్రికలో ముక్కలుగా రాశాడు. అవే 1849లో నాటకమయ్యాయి, 1851లో పుస్తకంగా వచ్చాయి. మీ వ్యాసంలో ఆయన పేరు ఒక్కచోటా లేదు.

పేరుతో పాటు ఆయన చెప్పిన మాటా పోయింది. మీ వ్యాసకర్తకు మేడ మీది గది, కొవ్వొత్తి, ప్రేమ కనిపించాయి. పుస్తకం తెరిస్తే ముందు తగిలేది అద్దె బాకీ! సంగీతకారుడు షోనార్ డబ్బు కట్టలేక గది ఖాళీ చేయాల్సిన రోజున కథ మొదలవుతుంది. ఈ బతుకు కళాకారుడికి పని నేర్చుకునే దశ మాత్రమేననీ, దీని తర్వాత వచ్చేది అకాడమీ, కాకపోతే ధర్మాసుపత్రి, అదీ కాకపోతే శవాల గది అనీ మ్యూర్జెర్ ముందుమాటలోనే చెప్పాడు. ఆయనా 38 ఏళ్లకే ఆసుపత్రిలో పోయాడు.

ఆపెరాలో కథానాయిక మిమీ స్నేహితుల మధ్య కన్నుమూస్తుంది. పుస్తకంలో ఆసుపత్రిలో, ఒంటరిగా. ఆమెను వేరే వార్డుకు మార్చిన సంగతి తెలియక, పోయిందని ఆమె ప్రేమికుడు, కవి రొడోల్ఫ్‌కి తప్పు కబురు చెబుతారు. దాంతో అతను చూడ్డానికి వెళ్లడు. అసలు సంగతి తెలిసి పరిగెత్తేసరికి నిజంగానే పోయింది, అనాథ శవాల బండిలో ఉంది. చావబోయే అమ్మాయి చలికి చేతులు దాచుకునే తొడుగు (మఫ్) కోసం ఆశపడటం, మీరు అంతగా మెచ్చుకున్న ఆ ముచ్చట కూడా పుస్తకంలో మిమీది కాదు, ఫ్రాన్సీన్ అనే ఇంకో అమ్మాయిది.

ఫ్లెక్సీలు వచ్చేదాకా షాపుల బోర్డులు రాసి బతికినవాణ్ణి నేను. నాకు నచ్చిన ఘట్టం వేరే. చిత్రకారుడు మార్సెల్ బైబిల్లోని ఎర్రసముద్రం దాటే దృశ్యం గీస్తాడు. ‘సెలూన్’ అనే పారిస్ పెద్ద చిత్రప్రదర్శన జడ్జీలు తిప్పి పంపుతారు. మరుసటేడు అందులోని ఈజిప్టు రాజు ఫరోకి రోమన్ సేనాని సీజర్ దుస్తులు తొడిగి, రూబికాన్ నది దాటే దృశ్యం అంటాడు. మళ్లీ తిప్పి పంపుతారు. ఇంకో ఏడు మంచు పులిమి, నెపోలియన్ సేన బెరెజీనా నది దాటే దృశ్యం అంటాడు. లాభం లేదు. చివరికి ఓ వ్యాపారి కొని, మధ్యలో ఆవిరి పడవ చేర్పించి, కిరాణా కొట్టుకు బోర్డుగా అమ్మేస్తాడు. ‘మార్సెయ్ రేవు’ అని పేరు. జనం దాని ముందు ఆగి మెచ్చుకుంటుంటే మార్సెల్ పొంగిపోతాడు. మ్యూర్జెర్ వెక్కిరింతగానే రాసుంటాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. జడ్జీలు చూడనన్న బొమ్మను వీధి చూసింది కదా!

కాస్త డబ్బు చేరాక, పాత చవక పూటకూళ్ల ఇంటికి పోదామా అని రొడోల్ఫ్ అడిగితే ఆ మార్సెలే రానంటాడు. గతాన్ని తలచుకోవాలన్నా మంచి వైన్ సీసా, మెత్తని కుర్చీ ఉండాలట. మీ వ్యాసకర్త ఈ పేజీ దాకా చదివినట్టు లేదు. వచ్చే ఆదివారం సవరణ వేసి, అందులోనైనా మ్యూర్జెర్ పేరు రాయగలరు.

ఇట్లు,
ఒక పాత బోర్డు ఆర్టిస్టు