ముప్పై అడుగులు

చి. అమ్ములుకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మూడు ఆదివారాలుగా ఫోన్ లేదు కాబట్టి నీ క్షేమం నువ్వే రాయాలి. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడితే వేలు ఉందని తెలుస్తుంది గాని మనిషి ఎలా ఉందో తెలియదు కదమ్మా.

పెరట్లో మామిడి పూత బాగుంది. మోటారు మళ్ళీ కాలింది, పదిహేడు వందలు వదిలాయి. పిన్ని మనవడి బారసాలకి వెళ్ళొచ్చాం. అక్కడే చిన్ని చెప్పాడు, అక్క బెంగళూరులో వారం వారం ఏదో ఆటలో కుంటిపిల్ల వేషం కడుతోందని. వాడికి గొంతు తగ్గించడం రాదు, భోజనాల బంతిలో సగం మంది విన్నారు. మేము ఇల్లు చేరేసరికి అది 'అమ్ములు కాలు విరిగిందట' అయింది. మీ అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అసురసంధ్య వేళ అలాంటి మాటలు నోట రాకూడదు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు అంటుంది. ఆడితే దీపం పెట్టాకే ఆడమని చెప్పమంది. చెప్పాను.

నాకు మాత్రం కోపం లేదు. అది ముందే చెప్పేస్తున్నాను.

చిన్నిగాణ్ణి కూర్చోబెట్టి ఆట సంగతంతా అడిగాను. 1974లో అమెరికాలో మొదలైందట ఈ డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర, గండం వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక. రంగు పూసుకోని నాటకం అన్నమాట. ఒక్కో వంతు ఆరు సెకన్లట, అందులో మామూలు మనిషి ముప్పై అడుగులు నడుస్తాడట. టేపు తీయించి వసారా నుంచి గేటు దాకా ముప్పై అడుగులు కొలిపించాను. చిన్ని ఫోన్‌లో టైము చూశాడు. కాలికి ఆసరా ఇచ్చే కాలిపర్ తొడుక్కునే నడిచాను, పదమూడు సెకన్లు. మళ్ళీ నడిచాను, పద్నాలుగు. ఈ వయసులో పరుగు పందేలేమిటని మీ అమ్మ వంటింటి కిటికీలోంచి కేకలేసింది.

ఆటలో నువ్వు కట్టే ఆ కత్తిసాము పిల్లకి ఎన్ని అడుగులు పెట్టావు? ముప్పయ్యీ ఉంచేసి ఊరికే కుంటుతుందని రాసుకుంటే అది దొంగలెక్క. పదిహేనే ఇస్తే జట్టువాళ్ళు వదిలేసి పోతారు. గుర్రం ఎక్కిస్తావో, విల్లు చేతికిస్తావో నీ ఇష్టం. తెగిన అవయవం మళ్ళీ మొలిపించే మంత్రం కూడా ఉందట కదా. దాని మీద మాత్రం ఎవరూ మంత్రాలు వేయకుండా చూడు. మీ నాయనమ్మ నన్ను తిప్పని గుడి లేదు, కట్టని తాయెత్తు లేదు. చివరికి తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో కాలిపర్ ఇచ్చాకే నేను ఒంటరిగా బస్సెక్కాను.

2020లో సారా థాంప్సన్ అనే ఆవిడ ఈ ఆట కోసం యుద్ధం చేయగల చక్రాల కుర్చీకి నియమాలు రాసి ఉచితంగా ఇచ్చిందట. మంత్రాలున్న లోకంలో కుర్చీ ఎందుకని కొందరు గొడవ చేశారట. డ్రాగన్‌ని నమ్మినవాళ్ళకి ర్యాంపుని నమ్మడం కష్టమైంది చూడు. మా ఆఫీసులోనూ ర్యాంపు కట్టారులే, నేను రిటైరయ్యేదాకా దాని మీద సైకిళ్ళు పెట్టుకున్నారు.

ఆ పిల్లని దేవతను కూడా చేయకు. సుధాచంద్రన్ గారు 1981 ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కృత్రిమ కాలుతో మళ్ళీ నాట్యం చేశారు. ఆవిడంటే నాకు గౌరవమే. కాని ఆవిడ పేరు చెప్పి నన్ను సాధించనివాళ్ళు లేరు. నాకు నాట్యం అక్కర్లేదమ్మా, ఎనిమిదింటి బస్సు అందితే చాలనుకునేవాణ్ణి.

సలహాలు ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను.

వెంకటం బాబాయి శకుని కథ నీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను. 1990 సంక్రాంతి. టీవీలో మహాభారతం వస్తున్న రోజులు, అందులో శకుని కుంటుతాడు. ఊళ్ళో కుర్రాళ్ళు మాయాజూదం ఆడదామన్నారు. నాకు కర్ణుడు కావాలని ఉండేది, పద్యాలన్నీ కంఠతా వచ్చు. నాటకం మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు శకునిరా. నటించక్కర్లేదు, నడిస్తే చాలు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను వెళ్ళిపోయాను. వేషం బాబాయికి పడింది.

వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాను. బాబాయి ఎడమకాలు ఈడుస్తూ వచ్చాడు, ఈలలు. పాచికలు వేశాడు, ధర్మరాజు రాజ్యం పోయింది, తమ్ముళ్ళు పోయారు. మధ్యలో తెర దించి సోడాలు తాగారు. మళ్ళీ తెర లేచేసరికి శకుని కుడికాలు ఈడుస్తున్నాడు! ముందు కూర్చున్న పిల్లాడెవడో "కాలు మారింది, కాలు మారింది" అని అరిచాడు. బాబాయికి ఏం చేయాలో తోచక రెండు కాళ్ళూ కుంటడం మొదలుపెట్టాడు. ద్రౌపది కట్టిన కుర్రాడు కూడా చెంగు నోట్లో కుక్కుకున్నాడు. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు.

బాబాయి వారం రోజులు నాకు ఎదురుపడలేదు. తర్వాత వచ్చి, "అన్నయ్యా, అరగంటకే నడుం పట్టేసింది. నువ్వు రోజంతా..." అని ఆపేశాడు. వాడి మీద కోపం ఆ పూటే పోయింది.

ఇదంతా ఎందుకంటే, చిన్ని ఇంకో మాట చెప్పాడు. నీ కత్తిసాము పిల్ల కుర్చీలోంచి లేచేటప్పుడు అరచేయి తొడ మీద నొక్కి లేస్తుందని, నువ్వు వాళ్ళకి లేచి మరీ చూపించావని. అది ఏ నియమాల పుస్తకంలోనూ ఉండదు. కాలిపర్ విప్పాక ఇంట్లో నేను అలాగే తిరుగుతాను. నా పాత ప్యాంట్లన్నీ అరచేయి పడేచోటే వెలిసిపోయేవి, మీ అమ్మ నీలిమందు వేసినా దాగేది కాదు. నువ్వు చిన్నప్పుడు ఆ మచ్చ మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే, ఇస్త్రీ కాలిందని చెప్పాను.

నాకు చెబితే బాధపడతాననుకుని ఫోన్ మానేశావా? పని ఒత్తిడి అంటావు, సరే.

సున్నుండలు, కందిపొడి పార్శిల్ చేశాను. డబ్బా మూత గట్టిగా పెట్టు, చీమలు పడతాయి. చెప్పులు అరిగితే కొత్తవి కొనుక్కో, డబ్బు వేస్తాను. ఆదివారం ఫోన్ చెయ్యి. మీ అమ్మ మాట్లాడాక నాకివ్వమను. ఆ కత్తిసాము పిల్లకి ఏ కాలు కుంటు పెట్టావో చెబుదువుగాని, ఎడమదా, కుడిదా?

ఇట్లు,
నాన్న