నాలుగు రోజుల వారం: మా అక్కకీ, ఆ పదహారు మందికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నేను కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ దగ్గర ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపులో సోల్డరింగ్ పని చేస్తాను. మొత్తం ఇరవై మందిమి. జనవరిలో ఆర్డర్లు పడిపోయాయి, నలుగురిని తీసెయ్యక తప్పదన్నారు ఓనరు. ఆఖర్న చేరింది నేనే. ఆ రాత్రి ముద్ద దిగలేదు.

మా పక్కింటి అక్క పేరోల్ పని చేస్తారు. నా మాట విని, కరెంటు బిల్లు కవరు వెనక లెక్క వేసి చూపించారు. నలుగురిని తీసే బదులు ఇరవై మందీ వారానికి ఒక్కో రోజు తగ్గించుకుంటే కంపెనీకి మిగిలే జీతాలు దాదాపు అంతే. పోయిన రోజుకి నిరుద్యోగ భృతిలో ఐదో వంతు రాష్ట్రం ఇస్తుంది. దీన్నే వర్క్ షేరింగ్ అంటారు. అమెరికాలో దీన్ని మొదట, 1978లో, తెచ్చింది కాలిఫోర్నియానే. నాకు వారానికి 960 డాలర్లు. నాలుగు రోజులకి 768, భృతి 90, వెరసి 858. ఉద్యోగమే పోతే ఇక్కడ వచ్చే భృతి 450కి మించదు. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా మునుపటిలాగే నడుస్తుంది. మా ఆయన ఇన్సులిన్ మీద ఉన్నారు, నా అసలు టెన్షన్ అదే.

శనివారం అక్కే వచ్చి ఓనరుతో మాట్లాడారు. నిరుద్యోగ భృతి కోసం కంపెనీ కట్టే ట్యాక్స్ పెరుగుతుందేమోనని ఆయన భయం. "మనుషుల్ని తీసేసినా ఆ భృతి మీ ఖాతాకే పడుతుంది కదండీ. రేపు ఆర్డర్లొస్తే ఈ చెయ్యి తిరిగిన వాళ్లని ఎక్కడ తెస్తారు?" అన్నారు అక్క. ఆయన దరఖాస్తు పెట్టారు. వారికీ రుణపడి ఉన్నాను.

కానీ అందరికంటే ఎక్కువగా ఆ పదహారు మందికి చెప్పుకోవాలి. వాళ్ల ఉద్యోగాలకి ఏ ఢోకా లేదు. మీటింగులో మొదట చెయ్యెత్తింది నా పక్క బెంచీ వియత్నాం పెద్దాయన, పద్దెనిమిదేళ్ల సర్వీసు. మొదటి వారం వెయిటింగ్ పీరియడ్, భృతి రాదు. ఒక్కరూ సణగలేదు.

ఇక్కడ చిన్న కంపెనీలు నడిపే మనవాళ్లకి ఒక విన్నపం. ఇద్దరు పనివాళ్లున్నా ఇది అడగొచ్చు. తీసేస్తున్నామని మనిషికి కాగితం ఇవ్వకముందే అడగండి, ఇచ్చాక కాదు.

మా ఆర్డర్లు మెల్లగా వస్తున్నాయి. పెద్దాయనకి తెలుగు రాదు. ఇందులో రాసిందంతా రేపు బెంచీ దగ్గర నా నోటితోనే చెప్తాను.